ఇంటర్వ్యూకి కోటు కొనకండి

ఇంటర్వ్యూ కోసం కొత్త బట్టలు కొనకండి. కోటైతే అసలే వద్దు. కొనొద్దు, అద్దెకు తేవొద్దు, బావ పెళ్ళికి కుట్టించుకున్నది అడిగి తెచ్చుకోవద్దు. ఇంట్లో ఉన్నవాటిలో ఒంటికి సరిగ్గా కుదిరిన చొక్కా ఒకటి తీసి, ఉతికి, ఇస్త్రీ చేయించి దాంతోనే వెళ్ళండి. ఖర్చు పెట్టాలనే ఉంటే దర్జీ దగ్గర ఆల్ట్రేషన్‌కి పెట్టండి. ఇంకా మిగిలితే బూట్లకు పెట్టండి.

నేను ఉండేది నెల్లూరు వేదాయపాళెంలో. ఉద్యోగం హైవే మీద దక్షిణంగా వెళ్తే వచ్చే ఒక విడిభాగాల ఫ్యాక్టరీలో, హెచ్ఆర్ విభాగం. అంతకుముందు రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో ఇదే పని చేశాను. ఉదయగిరి, కనిగిరి, పొదిలి, కందుకూరు వైపు నుంచి రాత్రి బస్సెక్కి పొద్దున్నే మా గేటు ముందు దిగే ఐటీఐ, డిప్లొమా, డిగ్రీ పిల్లల్ని ఏళ్ల తరబడి చూస్తున్నాను. ఇంటర్వ్యూ బట్టల గురించి వాళ్ళకు దొరికే సలహాలు ఎక్కువగా వాళ్ళకోసం చెప్పినవి కావు. ఏసీ కారులో వచ్చి ఏసీ గదిలో కూర్చునేవాళ్ళకు చెప్పినవి. రోహిణి కార్తెలో నెల్లూరు బస్టాండులో ఒక్క గంట నిలబడ్డ మనిషి ఎవరూ కోటు వేసుకోమని సలహా ఇవ్వరు.

ఒక కుర్రాడు నాకు బాగా గుర్తు. మెకానికల్ డిప్లొమా, ఉదయగిరి పక్క పల్లె. నల్ల కోటులో వచ్చాడు. దాని భుజాలు అతని భుజాలు దాటి కిందికి జారాయి, చేతులు బొటనవేలి మొదలు దాకా వచ్చేశాయి. ఎడమ చేతి అంచున కంపెనీ పేరున్న గుడ్డముక్క అలాగే కుట్టి ఉంది. కొన్నాక దాన్ని విప్పేయాలని అతనికి ఎవరూ చెప్పలేదు. వెనక చీలిక విచ్చుకోకుండా వేసే అడ్డకుట్టు కూడా విప్పలేదు, అందుకని కూర్చుంటే కోటంతా వీపు మీదికి లేస్తోంది. చేతికి వెర్నియర్ కాలిపర్ ఇచ్చి ఒక షాఫ్టు వ్యాసం కొలవమన్నాం. కోటు చెయ్యి స్కేలుకు అడ్డం పడుతోంది, నుదుటి చెమట కళ్ళలోకి కారుతోంది.

"కోటు తీసెయ్ నాయనా, కాస్త గాలి తగులుద్ది" అన్నాను.

"వద్దులే సార్, పర్లేదు."

మళ్ళీ అన్నాను. మొహం కందిపోయింది. కోటు ముందుభాగాన్ని రెండు చేతులతో దగ్గరికి లాక్కున్నాడు. లోపలి చొక్కా పైకి చూపించేది కాదని అప్పుడు అర్థమైంది. ఉన్న డబ్బంతా కోటుకే అయిపోయింది. ఆ కాలిపర్ కొలవగలిగే అతి చిన్న కొలత, అంటే లీస్ట్ కౌంట్, 0.02 మిల్లీమీటర్లని తడుముకోకుండా చెప్పిన పిల్లవాడు రీడింగ్ తప్పు చెప్పాడు. ప్యానెల్ అతన్ని తీసుకోలేదు. ఎరువు సొమ్ము బరువు చేటంటారు, అప్పుచేసి కొన్నదీ అంతే. పాతదైనా తన చొక్కాతో వచ్చి ఉంటే ఆ రీడింగ్ సరిగ్గా చెప్పేవాడని నాకు గట్టి నమ్మకం.

అతన్ని నేను తప్పుపట్టను. ఆ కోటు వేయించినవాళ్ళ మీదే నా కోపం. మా వైపు ఒక కాలేజీలో ఫైనల్ ఇయర్ పిల్లలందరి దగ్గరా ప్లేస్‌మెంట్ కిట్ అని డబ్బు కట్టించుకుని అందరికీ ఒకే రంగు బ్లేజరు, ఒక టై ఇచ్చారు. టేపు పెట్టి కొలిచింది లేదు. పొట్టివాళ్ళకు ఒక సైజు, పొడుగువాళ్ళకు ఒక సైజు. ఆ డబ్బు కోసం పొదుపు గ్రూపులో అప్పు తీసిన తల్లులు ఉన్నారు. ఆ బ్లేజర్లు వేసుకుని పిల్లలు ఏ ఉద్యోగాలకు వచ్చారు? మిషన్ ఆపరేటరు ట్రైనీ, లైన్ ఇన్‌స్పెక్షన్, స్టోర్స్ అసిస్టెంటు. చేరిన మొదటి రోజే కంపెనీ రెండు జతల యూనిఫాం, సేఫ్టీ బూట్లు చేతిలో పెడుతుంది. ఆ బ్లేజరును మేము మళ్ళీ చూడం. ఉద్యోగంలో ఒక్కరోజు కూడా వేసుకోని బట్టతో ఉద్యోగానికి పనికొస్తాడో లేదో తేల్చడం ఎక్కడి న్యాయం?

కోటు లేకపోతే మర్యాద తక్కువ అనేవాళ్ళు జిల్లా కోర్టు వైపు ఒకసారి చూడాలి. నల్లకోటు వకీళ్ళకు వృత్తి గుర్తు. వాళ్ళకే బార్ కౌన్సిల్ నిబంధనల్లో మినహాయింపు ఉంది, సుప్రీంకోర్టు, హైకోర్టుల్లో తప్ప ఎండాకాలంలో కోటు తప్పనిసరి కాదని. జపాన్ ప్రభుత్వం 2005 వేసవిలో కూల్ బిజ్ అని ఒక కార్యక్రమం పెట్టింది. ఆఫీసుల్లో ఏసీ 28 డిగ్రీల దగ్గర ఉంచండి, టైలూ కోట్లూ తీసేసి పనిచేయండి అని పిలుపునిచ్చింది. మంత్రులే టై లేకుండా కనిపించారు. మన తడ దాటగానే వచ్చే శ్రీసిటీలో జపాన్ కంపెనీలు చాలానే ఉన్నాయి. జపాన్ పద్ధతిలో నడిచే ఫ్యాక్టరీల్లో పెద్ద మేనేజరూ లైన్ మీద కుర్రాడూ ఒకే రంగు జాకెట్టు వేసుకుని తిరగడం మామూలు విషయం. అలాంటి చోటికి వెళ్ళేవాడికి టై కట్టుకోమని చెప్పే ట్రైనర్ ఆ ఫ్యాక్టరీ లోపల ఎప్పుడూ అడుగు పెట్టి ఉండడు.

అయితే ఏదో ఒకటి తగిలించుకుని వెళ్ళిపోవచ్చా అంటే, కుదరదు. బట్టలతో ఏముంది, పనితనం చూడాలి గానీ అనే మాట వినడానికి బాగుంటుంది. పెద్దపెద్ద కంపెనీల ఓనర్లే టీషర్టుల్లో తిరుగుతున్నారు కదా అని కూడా కొందరు పిల్లలు నాతో వాదిస్తారు. వాళ్ళను ఇంటర్వ్యూ చేసేవాళ్ళు లేరు, మీకు ఉన్నారు. ముక్కూమొహం తెలియని నలుగురు మనుషులు పావుగంటలో మీ గురించి ఒక నిర్ణయానికి రావాలి. నలిగిన చొక్కా, తెగిన బొత్తాం, మడమ దగ్గర తొక్కేసిన బూటు చూస్తే వీడు చెప్పిన పని శ్రద్ధగా చేస్తాడా అనే అనుమానం వాళ్ళకు కచ్చితంగా వస్తుంది. అందులో తప్పు కూడా లేదు. శ్రద్ధకు డబ్బు అక్కర్లేదు. ఉతుకు, ఇస్త్రీ, బొత్తాం, పాలిష్, గోళ్ళు, గడ్డం, జుట్టు. మొత్తం కలిపినా కోటు అద్దె అంత కాదు.

నేను బట్టల్లో మొదట చూసేది ఒంటికి కుదిరాయా లేదా అన్నది. అది నాకు మా చిన్నాన్న నేర్పాడు. ఆయనది కావలిలో దర్జీ షాపు. ఇంటర్వ్యూకి ప్యాంటు చొక్కా కుట్టాలని గుడ్డ పట్టుకొచ్చిన పిల్లల్ని ఆయన ముందు అడిగేది ఒకటే.

"ఇది కుడతాలే అబ్బయ్యా. ఇంట్లో మంచి చొక్కా ఒక్కటన్నా లేదా? ఉంటే అది తీసుకురా, చూద్దాం."

తెచ్చాక తొడిగించి భుజం మీద చూపుడువేలు పెడతాడు. చెయ్యి కుట్టు సరిగ్గా భుజం ఎముక చివర ఉండాలి. అక్కడ కుదిరితే ఆ చొక్కాను బాగుచేయొచ్చు, కుదరకపోతే వదిలెయ్యమంటాడు. ఎందుకంటే భుజం మార్చాలంటే చేతులు, మెడ అన్నీ విప్పాలి, మళ్ళీ కుట్టినా పాత రూపు రాదు. పక్కలు వదులైతే లోపలికి పట్టడం నిమిషాల పని. మెడ బొత్తాం పెట్టాక లోపల రెండు వేళ్ళు దూరాలి. పొడుగు చేతులు మణికట్టు ఎముక దాకా వచ్చి ఆగాలి. ప్యాంటు అంచు బూటు మీద ఆనాలి గానీ కుప్ప పడకూడదు. ఇవి సరిచూసుకుంటే నాలుగేళ్ళ నాటి చొక్కా కూడా కొలతలిచ్చి కుట్టించుకున్నట్టే ఉంటుంది. రెడీమేడ్ కొనుక్కున్నా ఫర్వాలేదు, కొన్నరోజే దర్జీ దగ్గరికి తీసుకెళ్ళండి. గుడ్డ తీసి కుట్టించుకునేవాళ్ళు పొడుగు చేతుల చొక్కాకి చిన్న పన్నా గుడ్డయితే రెండుంపావు మీటర్లు, పెద్ద పన్నా అయితే మీటరున్నర పైన అడగండి. ఇంటర్వ్యూకి వారం ముందన్నా కుట్టి చేతికొచ్చేలా చూసుకోండి.

కొత్తది వద్దనడానికి ఇంకో కారణం కూడా ఉంది. కొత్త గుడ్డలో మిల్లు గంజి ఉంటుంది, చెమట పీల్చదు. కాటన్ అయితే మొదటి ఉతుకులో కుంచించుకుపోతుంది. ప్యాకెట్లోంచి తీసిన చొక్కాకు ఛాతీ మీద మడత గీతలు ఇస్త్రీ చేసినా ఒక పట్టాన పోవు. వీటన్నిటి కంటే ఘోరం కొత్త బూట్లు. రైల్వే స్టేషన్ నుంచి ఆటో, ఆటో దిగి గేటు, గేటు నుంచి ఆఫీసు, ఆఫీసు నుంచి మిషన్లుండే షాప్ ఫ్లోర్ చుట్టూ నడక. మడమ దగ్గర బూటు కరిచిందంటే, అడిగిన ప్రశ్న చెవికెక్కదు. ఒక్కసారన్నా ఉతికిన చొక్కా, నాలుగు రోజులన్నా నడిచిన బూట్లు. ఇంటర్వ్యూ నాడు మీ ఒంటి మీద మీకు తెలియని బట్ట ఏదీ ఉండకూడదు.

ఇక మన ఎండకీ మన బస్సులకీ తగ్గట్టు ఆలోచించాలి. లేత నీలం, బూడిద రంగు చొక్కాలు చెమట తడిని దూరానికి కూడా చూపిస్తాయి. తెలుపు, ముదురు నీలం దాస్తాయి. లోపల కాటన్ బనియన్ తప్పకుండా వేసుకోండి. రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చేవాళ్ళు ఆ చొక్కాతో ప్రయాణం చేయొద్దు. టీషర్టుతో రండి. ఇస్త్రీ చొక్కాను పేపరులో మడిచి బ్యాగులో అన్నిటికంటే పైన పెట్టుకోండి. నెల్లూరు బస్టాండులోనో, సూళ్ళూరుపేట స్టేషన్ వెయిటింగ్ హాల్లోనో మొహం కడుక్కుని మార్చుకోండి. వాచ్‌మన్‌ను అడిగితే మా గేటు పక్క గదిలో కూడా మార్చుకోనిస్తారు. అడగడానికి మొహమాటపడి, నలిగిన చొక్కాతో లోపలికి వచ్చేవాళ్ళే ఎక్కువ.

నేను నిజంగా చెప్పదలచుకున్నది ఇప్పుడు చెబుతాను. ఇంటర్వ్యూ బట్టలు గొప్పగా ఉండనక్కర్లేదు, ఆ పని తెలిసిన మనిషి బట్టల్లా ఉండాలి. రొయ్యల ప్లాంటులో క్వాలిటీ విభాగానికి ఒక అమ్మాయి వచ్చింది. ఫిషరీస్ చదివింది. మామూలు కాటన్ చుడీదార్, రెండు భుజాల దగ్గరా పిన్ను పెట్టిన చున్నీ, బిగించి ముడేసిన జుట్టు. చేతులకు గాజుల్లేవు, ఉంగరం లేదు, గోళ్ళు బాగా లోపలికి కత్తిరించి ఉన్నాయి, పాలిష్ లేదు, సెంటు వాసన లేదు, స్టిక్కరు బదులు చిన్న కుంకుమ బొట్టు. బోసి చేతులతో ఉద్యోగానికి వెళ్తావా అని వాళ్ళమ్మ గుమ్మం దగ్గర గొడవపెట్టుకుందట. సరేనని గాజులు వేసుకుని బయల్దేరి, బస్సు దిగాక తీసి బ్యాగులో పెట్టుకుంది. అడిగితే చెప్పింది, "లోపలికి తీసుకెళ్తారేమో అనుకున్నాను సార్. గాజు ముక్క పడితే సరుకంతా పోతుంది కదా."

గడ్డకట్టించిన రొయ్యల బ్లాకులో గాజు పెంకో, వెంట్రుకో, ఊడిపోయిన స్టిక్కరు బొట్టో దొరికితే ఎగుమతి సరుకు మొత్తానికే ముప్పు. ప్రాసెసింగ్ హాలు గుమ్మం దగ్గర అందరికీ చెప్పి తీయించేవి అవే. ఆ అమ్మాయి చెప్పకుండానే తీసి వచ్చింది. సర్టిఫికెట్లు తిప్పకముందే ఆమెకు పని తెలుసని మా అందరికీ తెలిసిపోయింది. అదే రోజు పట్టుచీరలో, జడనిండా మల్లెపూలతో వచ్చిన అమ్మాయీ ఉంది. చక్కగా తయారైంది, నగల షోరూముకో బట్టల షోరూముకో అయితే అది మంచి ఎంపికే. మా ప్లాంటుకి కాదు.

మిషన్ల దగ్గరికి వచ్చేవాళ్ళకీ ఇదే లెక్క. ఇటీవలి దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 22వ సెక్షన్లో, తిరుగుతున్న యంత్రాన్ని పరీక్షించే, దానికి నూనె పెట్టే మనిషి ఒంటికి అతుక్కున్న బట్టలే వేసుకోవాలని, వాటిని యాజమాన్యమే ఇవ్వాలని రాసిపెట్టారు. వేలాడేది ఏదైనా ప్రాణం మీదికి తెస్తుంది. టై కూడా వేలాడేదే. చేతికి కడియం, మెడలో బయటికి వేసుకున్న గొలుసు, ముందు తెరిచి ఉండే చెప్పులు చూడగానే మా ప్రొడక్షన్ ఆయన కనుబొమలు ముడిపడతాయి. టీచరు ఉద్యోగానికి డెమో క్లాసుంటే ఇంట్లో గోడ ముందు నిలబడి కుడిచెయ్యి పైకెత్తి బోర్డు మీద రాస్తున్నట్టు రాయండి. చొక్కా బెల్టులోంచి పైకి వచ్చేస్తోందా, చీర కొంగు జారుతోందా ముందే తెలుస్తుంది. పిల్లలు చూసేది టీచరు వీపునే.

ప్రభుత్వ ఉద్యోగాల వైపు చూసేవాళ్ళకు ఈ తలనొప్పి చాలావరకు తగ్గింది. కేంద్రంలో గ్రూప్ సి, నాన్ గెజిటెడ్ గ్రూప్ బి పోస్టులకు 2016 జనవరి 1 నుంచి ఇంటర్వ్యూలే తీసేశారు. బ్యాంకుల్లో క్లర్కుకి లేదు. ప్రొబేషనరీ ఆఫీసరుకి (పీవో) ఉంది, ఐబీపీఎస్ ద్వారా తీసుకునేచోట తుది మార్కుల్లో మెయిన్స్‌కి 80, ఇంటర్వ్యూకి 20 పాళ్ళ వెయిటేజీ. లేత రంగు పొడుగు చేతుల చొక్కా, ముదురు ప్యాంటు, నల్ల బూట్లు అక్కడికి నిక్షేపంలా సరిపోతాయి.

అమ్మాయిలకు సలహాలు చెప్పేవాళ్ళు ఎక్కువ. అమ్మ చీర అంటుంది, ట్రైనర్ ప్యాంటు చొక్కా అంటాడు, అన్నయ్య ఇంకేదో అంటాడు. నా మాట ఇది. చుడీదార్ పూర్తి ఫార్మల్ డ్రెస్సే, ఎవరైనా తక్కువని చెబితే పట్టించుకోవద్దు. చీర రోజూ కట్టే అలవాటుంటే చీర. ఇంటర్వ్యూ కోసం మొదటిసారి చీర కట్టుకుంటే ఆ పావుగంటా కుచ్చిళ్ళ మీదే ధ్యాస ఉంటుంది. తలకు స్కార్ఫ్ కట్టుకునే అమ్మాయిలు నెల్లూరులో చాలామంది ఇంటర్వ్యూలకు వస్తారు. ఫుడ్ ప్లాంటులో ఎటూ అందరూ తల కప్పుకోవాల్సిందే. చివర్లు లోపలికి దోపి పిన్ను పెట్టుకుంటే అక్కడితో ఆ విషయం అయిపోయింది. దాని గురించి ప్యానెల్లో ఎవరైనా మాట్లాడబోతే ఆపాల్సింది పక్కన కూర్చున్న మాలాంటివాళ్ళం.

కార్తీకం నుంచి సంక్రాంతి దాకా మాకు మాలలో ఉన్న స్వాములు వస్తారు. నల్ల బట్టలు, గడ్డం, చెప్పుల్లేని కాళ్ళు. దీక్ష 41 రోజులు, ఇంటర్వ్యూ తేదీ మన చేతిలో ఉండదు. ఏ పుస్తకమూ వీళ్ళకు దారి చెప్పదు, నేను చెబుతాను. మాల తీయొద్దు, గడ్డం గీయొద్దు, క్షమాపణ చెప్పుకోవద్దు. ఉతికి ఇస్త్రీ చేసిన నల్ల చొక్కా, నల్ల ప్యాంటు వేసుకుని, గడ్డం దువ్వుకుని రండి. ముందురోజు ఫోను చేసి మాలలో ఉన్నానని ఒక్క ముక్క చెప్పండి. చెప్పుల్లేకుండా షాప్ ఫ్లోర్ మీదికి మాత్రం పంపలేం, అది సేఫ్టీ. చేరే తేదీ ఇరుముడి అయ్యాక పెట్టమని అడగండి, చాలాచోట్ల ఒప్పుకుంటారు. తిరుమలలో గుండు చేయించుకుని వచ్చినవాళ్ళు టోపీ పెట్టుకుని కూర్చుంటారు. టోపీ తీసేయండి. మాలో సగం మందిమి ఎప్పుడో ఒకప్పుడు గుండుతో ఆఫీసుకి వచ్చినవాళ్ళమే.

మొదటి రౌండ్ ఫోనులో వీడియో అయితే సన్నచారల చొక్కా వద్దు, కెమెరాలో అలలు అలలుగా కదులుతుంది. కిటికీకి వీపు పెట్టి కూర్చుంటే మొహం నల్లగా పడుతుంది, కిటికీకి ఎదురుగా కూర్చోండి. కింద కూడా ప్యాంటే వేసుకోండి. ఏదన్నా కాగితం తెమ్మంటే లేవాల్సి వస్తుంది.

ఇదంతా పిల్లలకు చెప్పాను. ఇప్పుడు బల్లకు ఇవతల కూర్చునే నాతోటి వాళ్ళకు. మన మార్కుల కాగితంలో రూపం, వేషం అని ఒక గడి ఉంటుంది. యూనిఫాం మనమే ఇచ్చే ఉద్యోగాలకు ఆ గడి దేనికి? శుభ్రత, సేఫ్టీ అని మార్చండి, గోళ్ళు, జుట్టు, పాదరక్షలు చూసి మార్కులేయండి. కోటు ఖరీదుకు మార్కులేయడం ఆపండి. ఇంకో పని ఇంతకంటే తేలిక. ఇంటర్వ్యూ తేదీ చెబుతూ పంపే మెసేజ్‌లో బట్టల గురించి ఒక్క లైను రాయండి. మేము రాయడం మొదలుపెట్టాక మా గేటు దగ్గర కోట్లు చాలావరకు తగ్గాయి. మేము పంపేది ఇలా ఉంటుంది: "ఉతికిన చొక్కా ప్యాంటు లేదా చుడీదార్ చాలు. కోటు, టై అవసరం లేదు. షాప్ ఫ్లోర్ చూపిస్తాం కాబట్టి ముందు మూసి ఉన్న బూట్లు వేసుకురండి, లేకపోతే గేటు దగ్గర మేమే ఇస్తాం. బట్టలు మార్చుకోవడానికి గది, మంచినీళ్ళు ఉన్నాయి."